హుస్సేన్‌బీ కంట్రోల్ స్లైడ్

1996లో నేను మస్కట్‌లోని ఒక పెద్ద ఆసుపత్రిలో హిస్టోపెథాలజీ టెక్నీషియన్‌ని. రోగి ఒంట్లోంచి డాక్టర్లు తీసిన చిన్న ముక్క, అంటే బయాప్సీ, మా గదికి వస్తుంది. దాన్ని మైనంలో బ్లాకుగా పోసి, ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, గాజు స్లైడ్ మీద పరచి, రంగు వేసి, చూసి జబ్బేదో తేల్చే పెథాలజిస్టుకి ఇవ్వడం మా పని. రోగుల ముఖాలు మాకు కనిపించవు, నంబర్లే కనిపిస్తాయి. నిజం చెప్పాలంటే నాకది హాయిగానే ఉండేది.

హుస్సేన్‌బీ విషయంలో మాత్రం నంబరు కన్నా ముందు మనిషి వచ్చింది. గొంతు వార్డు నుంచి మలయాళీ సిస్టర్ ఫోన్ చేసి, తన హిందీ, ఆ పేషెంటు ఉర్దూ ఒకదానికొకటి అందడం లేదని, కాస్త వచ్చి తెలుగులో చెప్పమని అడిగింది. వెళితే మా కడప జిల్లా మనిషే, రాయచోటి వైపు. నలభై అయిదేళ్లుంటాయి. రుస్తాఖ్ అనే ఊళ్లో ఒకే ఇంట్లో పదకొండేళ్లుగా పని చేస్తోంది. యజమాని తల్లికి చూపు లేదు. అక్కడ పనివాళ్లు ఇంటి యజమానురాలిని మామా అంటారు, ఆవిడను హుస్సేన్‌బీ పెద్ద మామా అనేది. అయిదు నెలలుగా బొంగురుపోయిన గొంతుతోనే నాతో మాట్లాడింది.

“బీడీ తాగినదాన్ని కాదు, వక్క నమిలినదాన్ని కాదు. నాకెందుకొచ్చింది నాయనా ఇది?”

“అది ఎవురికీ తెలీదక్కా. ముక్క పరీక్ష చేస్తే ఎంతుందో తెలుస్తాది,” అన్నాను.

స్వరపేటికలో క్యాన్సర్ అని తేలింది. గడ్డ అటూ ఇటూ కాకుండా ఉంది. స్వరపేటిక మొత్తం తీసేయవచ్చు, అప్పుడు మాట పోతుంది. లేదా రేడియేషన్ ఇవ్వవచ్చు, మాట నిలుస్తుంది. అయితే రేడియేషన్‌కి గడ్డ లొంగకపోతే విలువైన కాలం చేజారుతుంది. ఎటు వెళ్లాలో తేల్చుకోలేక సర్జన్ మమ్మల్ని పి-53 అనే మార్కర్ చూడమన్నాడు. కణం అడ్డదిడ్డంగా పెరగకుండా కాపలా కాసే ప్రోటీన్ అది. చెడిపోతే కణంలోనే పేరుకుపోతుంది, దానికి మాత్రమే అతుక్కునే యాంటీబాడీ అనే ద్రవం పోసి రంగు వేస్తే గోధుమ రంగులో కనిపిస్తుంది. అలా ముదురుగా కనిపించే గడ్డలు రేడియేషన్‌కి లొంగవని అప్పట్లో కొందరు రాసేవారు, అంత తేలిగ్గా చెప్పలేమని మరికొందరు రాసేవారు. మా సర్జన్ మొదటి జట్టు మనిషి.

రంగు వేసే ముందు స్లైడ్‌ని ఒక ద్రావణంలో, ఒత్తిడిలో ఉడికించాలి. అందుకు మేము వాడింది ఇంట్లో పప్పు వండే ప్రెషర్ కుక్కరే. రూవీ బజారులో నేనే బేరమాడి తెచ్చాను. ఒత్తిడి పూర్తిగా ఎక్కాక గడియారం చూసి రెండు నిమిషాలు ఉంచాలని పద్ధతి రాసిన కాగితంలో ఉంది. కుక్కరు విషయంలో నాకు ఒకరు చెప్పాలా అని నేను విజిల్స్ లెక్కపెట్టేవాణ్ణి. నెలల తరబడి అలాగే నడిచింది.

హుస్సేన్‌బీ స్లైడ్ పెట్టిన రోజు విజిల్ రాలేదు. మా ఆవిడ పప్పుకి ఎదురుచూసినట్టే నేనూ నిల్చున్నాను. వెయిట్‌లో ఉప్పు పేరుకుని బిగుసుకుందని గ్రహించేసరికి పావుగంట దాటింది.

ఈ పరీక్షలో ప్రతి రోగి ముక్కకీ ఒక తోడు స్లైడ్ ఉంటుంది. దాన్ని కంట్రోల్ అంటాం. ముక్క అదే, వండడం అదే, యాంటీబాడీ మాత్రం పోయం. దాని మీద కూడా గోధుమ రంగు వచ్చిందంటే ఆ రంగు అబద్ధమని అర్థం. అతిగా ఉడికినందుకు ఆ రోజు తోడు స్లైడ్ మీద ముక్క ఊడి నీళ్లలో కలిసిపోయింది. మళ్లీ మొదలుపెడితే ఒక రోజు ఆలస్యం. సర్జన్ అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడు. నేను కిందటి వారం వేరే రోగికి చేసిన శుభ్రమైన కంట్రోల్ తీసి ట్రేలో పెట్టాను. కంట్రోల్ కంట్రోలే కదా అనుకున్నాను. ఇంత సిగ్గుమాలిన పని నా సర్వీసులో మరొకటి లేదు.

మా పెథాలజిస్టు డాక్టర్ ఉస్మాన్ సూడాన్ దేశస్థుడు, మెత్తని మనిషి. హుస్సేన్‌బీ స్లైడ్ ముదురు గోధుమ, కంట్రోల్ తెల్లగా ఉంది. ఆయన నన్ను నమ్మి స్ట్రాంగ్ పాజిటివ్ అని సంతకం పెట్టాడు. రెండో రోజు సర్జన్ ఆపరేషన్ ఖాయం చేశాడు. ఆ మాట ఆమెకి చెప్పడానికి మళ్లీ నన్నే పిలిచారు.

స్వరపేటిక తీసేస్తారని, గొంతుకి చిన్న రంధ్రం పెడతారని, ఊపిరి అందులోంచే పీల్చుకోవాలని చెప్పాను. ఆమె ఏడవలేదు. దుప్పటి అంచు మడత పెట్టుకుంటూ అంది.

“పెద్ద మామా నా మాట ఇనబడకుంటే బువ్వ తినదు నాయనా. మాత్రేసుకోదు. కొడుకు చెప్పినా ఇనదు. మాట లేకుండా నేను పక్కన నిలబడితే ఆయమ్మకి నేను వచ్చినట్టెట్లా తెలుస్తాది?”

నేను మెట్లు దిగాను. నేరుగా మా గదికి వెళ్లి ఆమె బ్లాకు బయటికి తీశాను. మళ్లీ కోశాను. వెయిట్ కడిగి, ఈసారి గడియారం ముందు పెట్టుకుని, ఆమె ముక్కతోనే కంట్రోల్ చేశాను. మర్నాటికి స్లైడ్ చూస్తే అక్కడక్కడా నాలుగు కణాల్లో లేత రంగు, అంతే. ముందు కనిపించిన గోధుమంతా నా వంట.

రెండు ట్రేలూ డాక్టర్ ఉస్మాన్ బల్ల మీద పెట్టి జరిగింది చెప్పాను. ఆయన మైక్రోస్కోపులోంచి తల ఎత్తకుండా అడిగాడు.

“ఆపరేషన్ ఎప్పుడు?”

“ఎల్లుండి సార్.”

“ఇంకెన్నిసార్లు చేశావు ఇలా?”

“కంట్రోల్ మార్చింది ఇదొక్కసారే. విజిల్స్ లెక్కపెట్టింది మాత్రం అన్నిసార్లూ.”

ఆయన ఫోన్ అందుకున్నాడు. సర్జన్‌తో ఆయన అన్న మాటలు నాకిప్పటికీ గుర్తే. “రిపోర్టు నాది, తప్పు నా లేబొరేటరీది. ఇంకో మాట, ఆ రంగు నిజంగానే ముదురుగా వచ్చినా, దాన్ని నమ్మి ఒక మనిషి గొంతు తీసేయవద్దని నేను ముందే చెప్పాల్సింది.” నా పేరు ఎత్తలేదు. ఫోన్ పెట్టాక, విజిల్స్ లెక్కతో చేసిన పాత కేసులన్నీ తిరిగి చేయమన్నాడు. “ఆమెకి మాత్రం నువ్వే చెప్పు, మీ భాషలో. నేను పక్కన ఉంటాను,” అన్నాడు. నా ఉద్యోగం ఆ రోజు నిలిచింది ఆయన వల్లే, ఆ మనిషి ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

సర్జన్ ఆమె గొంతులోకి అద్దం పెట్టి మళ్లీ చూశాడు. స్వరతంత్రి ఇంకా కదులుతోంది, అంటే గడ్డ లోతుగా పాకలేదు కాబట్టి రేడియేషన్‌కే ఒప్పుకున్నాడు. మా దగ్గర ఆ సౌకర్యం లేదు, హైదరాబాద్ వెళ్లాలి. టికెట్ తానిస్తానని, పని ఎక్కడికీ పోదని యజమాని చెప్పాడు. వార్డుకి వెళ్లి నేను చేసిందంతా హుస్సేన్‌బీకి దాచకుండా చెప్పాను, కంట్రోల్ మార్చిన సంగతితో సహా.

ఆమె నా వైపు ఎగాదిగా చూసింది. “అంటే నా గొంతు నీ కుక్కర్లో మాడిందా?”

“అవునక్కా.”

“నువ్వు చెప్పకుంటే నాకు తెలిసేదా?”

“తెలిసేది కాదు.”

ఆ రోజు ఆమె నన్ను క్షమించిందో లేదో నాకు తెలియలేదు.

నాలుగు నెలల తర్వాత చెకప్‌కి వచ్చింది. గడ్డ కరిగింది. గొంతు కొంచెం గరుకుగా ఉంది కానీ మాట మాటే. పి-53 తక్కువగా ఉండబట్టే ఆమె బాగుపడిందని నేను చెప్పలేను. ఆ ఒక్క రంగుతో ఎవరు బతుకుతారో చెప్పడం కుదరదని తర్వాతి కాలంలో డాక్టర్లే తేల్చుకున్నారు. మార్కర్ చెప్పగలిగింది కొంచెమే. ఆ కొంచెం కూడా చేసే చేతి నిజాయితీ మీద ఆధారపడి ఉంటుందని నాకు ఆమె వల్లే తెలిసింది. అంతకు ముందు నేను స్లైడ్లు చేసేవాణ్ణి. ఆ తర్వాత మనుషుల కోసం చేశాను.

ఆ రోజు హుస్సేన్‌బీ వెంట పెద్ద మామా కూడా వచ్చింది. కారిడార్‌లో నన్ను ఆపి, హుస్సేన్‌బీ ఆవిడ చెవి దగ్గర వంగి అరబీలో ఏదో చెప్పింది. పెద్ద మామా చేతులు చాచి, తడుముకుని, నా రెండు చేతులూ పట్టుకుంది. ఏం చెప్పావక్కా అని అడిగాను.

“నా పరీక్ష చేసినాయప్ప ఈయనే, ఈయన చేతులు నమ్మొచ్చు అని చెప్పినా,” అంది.