పడవ వంటామె నడుం పట్టీ

మా తోడికోడలు అద్దె పడవలో వంటమనిషి. పొద్దు గుంకడం చూస్తూ తిని తాగే షోకు డబ్బున్నవాళ్ళది. అలలకి తూలిపడకుండా నడుం పట్టీతో పొయ్యి ముందరి ఇనప కమ్మీకి కట్టుకుని వండే ఖర్మ దానిది.

ఆ సాయంత్రం ఓ జంట పడవంతా మాట్లాడుకుని ఎక్కారు. మొగుడు పీకలదాకా తాగి, పెళ్ళాన్ని జుట్టు పట్టుకుని అంచుమీంచి నీళ్ళమీదికి వంచాడు.

"ఈదుకుంటూ మీ పుట్టింటికి పో."

"నాకు ఈత రాదండీ," అని ఆ పిల్ల గిలగిల్లాడుతోంది.

మా తోడికోడలు పట్టీ విప్పుకుని, కాలుతున్న పెనంతో వాడి మణికట్టు మీద ఒక్కటిచ్చింది. ఎముక పటుక్కుమంది. పిల్లని లోపలికి లాగి, వాణ్ణి ఈడ్చుకెళ్ళి అదే పట్టీతో కమ్మీకి బిగించింది.

"నన్నే కడతావటే, వంటదానా?"

"తూలుతున్నారు బాబూ. పడిపోతారని."

ఆ పిల్లకి కంచం పెట్టి, ఒడ్డుదాకా ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చేత్తోనే వండింది.