భజనలో చదివిన నెట్ కాగితం

నోరిచ్చి, విన్నది నిలుపుకొనే చెవులిచ్చిన పాండురంగడికి ముందుగా నా దండం. ఆ తరువాతే ఏ మాటైనా.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, మోస్రా అవతల ఉన్న మా ఊళ్లో ఒక్క కంప్యూటరూ లేదు. శనివారం పొద్దున నేను నిజామాబాద్ వెళ్లి, బస్టాండు దగ్గరి నెట్ సెంటర్‌లో ఊరివాళ్లు అడిగినవన్నీ ప్రింటు తీయించుకొచ్చేవాణ్ణి. చెరుకు తెగులుకు మందు, పరీక్షా ఫలితాలు, పింఛను నిబంధనలు. సాయంత్రం పాండురంగని గుడిలో భజన అయ్యాక వాటిని చదివేవాణ్ణి. నాకు వచ్చిన చదవడం ఒక్కటే: నేనొక వాక్యం అనడం, బీడీలు చుట్టే ఆడవాళ్లంతా వంత పాడడం. తాళాలు కూడా ఊరుకునేవి కావు. భజన నడిపేవాణ్ణి కాబట్టి ఊళ్లో నన్ను మహరాజ్ అనేవారు.

"మహరాజ్, యూరియాకు గూడ రాగం దీస్తవా?" అని మగవాళ్లు నవ్వేవారు.

ఒక శనివారం ఆ ఆడవాళ్లలో ఒక అక్కకు ఆమె కూతురి కాగితం తెచ్చాను. పిల్లకు టీచర్ ట్రైనింగ్‌లో ర్యాంకు వచ్చింది. సోమవారం నిజామాబాద్‌లో కౌన్సెలింగ్. ఏ కాలేజీ, ఏ గది, ఎన్ని గంటలకు, ఏయే సర్టిఫికెట్లు, అన్నీ అందులో ఉన్నాయి. ఏది తప్పినా సీటు పోతుంది. చదివాను, వంత పాడారు, కాగితం తల్లి చేతికిచ్చాను.

ఆదివారం పొద్దుగూకే వేళ తల్లీకూతుళ్లు గుడికి పరుగెత్తుకొచ్చారు. మా ఊళ్లో భజనలో చదివింది ఏదైనా దేవుని సొత్తే. ఆ అక్క కాగితానికి తడి పసుపు పూసి, బొట్లు పెట్టి ఇంట్లో దేవుని గూట్లో ఉంచిందట. సిరా కరిగి అంతా నల్లటి మరక అయింది.

"గదేంది అక్కా, గిట్ల జేసినవ్?"

"దేవుని తాన సదివిన కాగితమాయె మహరాజ్. ఉత్తగ వెడ్తరా?"

భాగవతం కంఠతా వచ్చిన నాకు ఆ కాగితంలోది ఒక్క ముక్కా గుర్తు లేదు. మళ్లీ ప్రింటు తెద్దామంటే నిజామాబాద్‌కు ఆఖరి బస్సు వెళ్లిపోయింది. పిల్ల ఏడుపు అందుకుంది.

గుడి అరుగు మీద బీడీలు చుడుతున్న అవ్వ చేట మీంచి తల ఎత్తలేదు. "ఏడ్వకు బిడ్డా. నిన్న మేం పాడలేదా? రాస్కో."

ఆమె మొదలుపెడితే మిగతావాళ్లు అందుకున్నారు. కాలేజీ, గది, మార్కుల మెమో, కుల సర్టిఫికెట్, మూడు ఫొటోలు. టైం దగ్గర ఆగారు. తొమ్మిదని ఒకరు, తొమ్మిదిన్నర అని ఒకరు. మా ఊరి మొదటి బస్సు నిజామాబాద్ చేరేసరికే తొమ్మిది దాటుతుంది.

"కొట్లాటెందుకే? తాళమెయ్యి మహరాజ్, తెలుస్తది," అంది అవ్వ.

వేశాను. తొమ్మిది అంటే ఒక దెబ్బ మిగిలిపోయింది. తొమ్మిదిన్నర అంటే సరిగ్గా కూర్చుంది.

మర్నాడు వాళ్లతో నేనూ వెళ్లాను. కౌన్సెలింగ్ తొమ్మిదిన్నరకే మొదలైంది. బల్ల మీద సర్టిఫికెట్లు ఒక్కొక్కటే పెడుతూ పిల్ల పెదవులు కదుపుతోంది, అదే వరుసలో, అదే లయలో. ఒక్కటీ తక్కువ కాలేదు. సీటు వచ్చింది.

కాగితం కరిగినా మాట నిలిపిన ఆ తండ్రిని, చదివే మీరూ ఒక్కసారి నాతో కలిసి వేడుకోండి: పాండురంగా, వినేవాళ్ల నోట నీ దయ ఇలాగే ఉండనీ.