పోపో అని పిలవలేని పక్కింటావిడ

మా పక్కింటి పెద్దావిడ పోయారని ఆమె కూతురు ఫోన్ చేసినప్పుడు నేను పప్పు కడుగుతున్నాను. ఆస్పత్రిలో, తెల్లవారుజామున, నిద్రలోనే పోయారట. ఆ కూతురు నాకు స్నేహితురాలు. ఏడుపు ఆపుకుంటూ ఆమె అడిగిన మొదటి మాట ఇది: "ఇంట్లో పోలేదుగా. అమ్మ ఆత్మకి ఇల్లు దొరుకుతుందంటావా?"

దేశం కాని దేశంలో, ఈ టార్నీట్‌లో మా వీధి చూసినవాళ్ళకి ఆ ప్రశ్న వింతగా అనిపించదు. మా ఇల్లూ వాళ్ళ ఇల్లూ ఒకే బిల్డర్ ఒకే నమూనాలో కట్టినవి. అదే బూడిదరంగు గరాజ్ తలుపు, అదే గుమ్మం, గుమ్మం పైన మనిషి అలికిడికి వెలిగే అదే సెన్సర్ లైటు. వాళ్ళు మలేషియా నుంచి వచ్చిన చైనీయులు. దిగిన వారంలోనే పెద్దావిడ సాయంత్రం నడకకు వెళ్ళి, తిరిగొచ్చి, నేరుగా మా వంటింట్లోకి నడిచి, సింకు దగ్గర చేతులు కడుక్కుని, అప్పుడు నన్ను చూశారు.

"నువ్వెవరు?"

"ఇది మా ఇల్లు ఆంటీ."

ఆవిడ గాలి పీల్చి చూశారు. "అవును లా. మా ఇంట్లో ఇంత మంచి వాసన రాదు." ఆవిడ ఇంగ్లీషులో ప్రతి మాట చివరా ఆ "లా" తగిలేది.

ఆ తర్వాత కూడా ఆ పొరపాటు పోలేదు. రోజూ సాయంత్రం ముందు మా గుమ్మం దాకా వచ్చేవారు. మా లైటు వెలిగేది. "రాంగ్ హౌస్ లా" అనుకుంటూ మధ్యలో ఉన్న గడ్డి దాటి అటు నడిచేవారు. అప్పుడు వాళ్ళ లైటు వెలిగేది. నా వంటింట్లో ప్రతి డబ్బాకీ పేరూ తేదీ ఉంటాయి, ప్రతి పనికీ ఒక వేళ ఉంటుంది. ఆ రెండు వెలుగులూ కిటికీలోంచి కనిపిస్తే కుక్కర్ పెట్టే వేళయిందని గుర్తు.

మనవరాలు ఆవిణ్ణి "పోపో" అనేది. వాళ్ళ భాషలో అమ్మమ్మ అని. వీధిలో పిల్లలంతా అలాగే పిలిచేవారు. నాకు మాత్రం నోరు రాలేదు. గుమ్మంలో నిలబడ్డ పెద్ద మనిషిని చూసి "పో పో" అనడం ఎలా? మా అమ్మాయి కావాలనే లోపలి నుంచి అరిచేది: "అమ్మా, పోపో ఈజ్ హియర్! షల్ ఐ టెల్ హర్ టు పో?"

ఆ నవ్వెందుకో ఆవిడ అడిగితే చెప్పక తప్పలేదు. కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. "అయితే ఇన్నాళ్ళూ వీధి వీధంతా నన్ను పొమ్మంటోందా? మరి మీరు వెళ్ళేటప్పుడు ఏమంటారు?"

"వెళ్ళొస్తా అంటాం ఆంటీ. వెళ్తా అని అనం."

ఆ మాట ఆవిడకి నచ్చింది. అప్పటినుంచి మా ఇంట్లో నుంచి లేచినప్పుడల్లా "వెల్లొస్తా" అనే వెళ్ళేవారు.

నాకు ఆపరేషన్ అయినప్పుడు రోజూ అల్లం వేసిన గంజి తెచ్చిపెట్టారు. ఒకరోజు ఆ గిన్నె పట్టుకుని నాకు ఏడుపొచ్చింది. "ముందు తిను, తర్వాత ఏడుద్దువు" అన్నారు. ఫోన్ వచ్చిన రోజు అదే గంజి కాచి తీసుకెళ్ళి, అదే మాట ఆవిడ కూతురికి చెప్పాను. వేరే ఓదార్పు నాకు తెలియలేదు.

వాళ్ళ పండగకి మమ్మల్ని మొదటిసారి పిలిచింది ఒక శ్రావణ మాసంలో. మనకది పేరంటాల నెల. వాళ్ళకి పోయినవాళ్ళ లోకపు తలుపులు తెరుచుకునే నెల. మా వరలక్ష్మీ వ్రతానికి వచ్చి తాంబూలం తీసుకుంటూ ఆవిడ అన్నారు: "మీ దేవత ఇంట్లోకి వస్తుంది, మా దయ్యాలు రోడ్డు మీద తింటాయి. ఈ వారం మన వీధిలో ట్రాఫిక్ ఎక్కువ లా."

చీకటి పడుతుండగా రోడ్డు అంచున గడ్డి మీద అన్నం, నారింజలు, టీ కప్పులు పెట్టారు. నేలలో అగరొత్తులు గుచ్చారు. అవి దిక్కులేని ఆత్మలకి. వాళ్ళని పేరు పెట్టి పిలవకూడదు. పోయిన ఇంటివాళ్ళకి లోపల బల్ల దగ్గర ఒక కుర్చీ, ఒక గిన్నె సూపు. వాళ్ళని మాత్రం డ్రైవ్‌వే చివర నిలబడి వరసతో పిలవాలి. పిలిచాక అందరం వీధికి వీపు పెట్టి ఇళ్ళ వైపు తిరగాలి.

"ఏమే, ఇది మన తద్దినం లాంటిదేనా?" మావారు నా చెవిలో అడిగారు.

"మెల్లిగా అనండి."

"ఎందుకు తిరగాలంటే," పెద్దావిడ ఆయన్నే చూస్తూ చెప్పారు, "ఎవరైనా చూస్తుంటే ఆకలిగా ఉన్నవాడు తినలేడు."

వీపులు తిప్పి నిలబడ్డాం. గాలి లేదు. నా వెనక ఒక కప్పు సాసరుకి తగిలిన చప్పుడు వినిపించింది. ఎవరూ తిరగలేదు. తర్వాత చూస్తే ఒక కప్పులో టీ తక్కువగా ఉంది. అవి పోసింది నేనే. అన్నీ సమంగా పోశాను. "ఆవిరై ఉంటుందిలే" అన్నారు మావారు. ఆయన దగ్గర ప్రతిదానికీ ఒక కారణం ఉంటుంది.

కప్పులు తీస్తుంటే పెద్దావిడ నా పక్కన చేరారు. "నన్ను పిలిచే ఏడాది నువ్వు ఇక్కడుండాలి. వీళ్ళు పోపో అని పిలుస్తారు. చచ్చినవాళ్ళకి అన్ని భాషలూ వచ్చేస్తాయట. నాకూ తెలుగు వచ్చేసి, నేను నిజంగా వెళ్ళిపోతేనో?"

"అవేం మాటలు ఆంటీ!"

"ఉంటానని చెప్పు లా."

ఉంటానన్నాను. ఈ చలికాలం, ఇక్కడ అది ఆషాఢంలోనే, అంబులెన్స్ వచ్చినప్పుడు ఆవిడ ముఖానికి ఆక్సిజన్ మాస్కు ఉంది. అది కాస్త పైకెత్తి, నా వైపు చూసి "వెల్లొస్తా" అన్నారు.

పోయిన వారం ఆ పండగ వచ్చింది. మా ఇంటికి తాళం వేసి ముగ్గురం వెళ్ళాం. గడ్డి మీద అన్నం, లోపల ఆవిడ కుర్చీ, సూపు గిన్నె. వాళ్ళ వీధి తలుపు తెరిచి ఉంచారు. డ్రైవ్‌వే చివర నిలబడి నా స్నేహితురాలు వాళ్ళ భాషలో అమ్మని "మా" అని పిలిచింది. మనవరాలు "పోపో! పోపో!" అంది. పక్కన మా అమ్మాయి తల దించుకుంది. ఈసారి ఆ మాటకి నవ్వలేదు.

నా స్నేహితురాలు నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు పిలవవా? నువ్వు పిలవాలని చెప్పింది."

చీకటి వీధి వైపు చూస్తూ పిలిచాను. "రండి ఆంటీ. లోపలికి రండి."

ఆవిడ నేర్పినట్టే అందరం వీధికి వీపు తిప్పాం. ఎదురుగా పక్కపక్కన రెండు ఇళ్ళు, రెండు చీకటి గుమ్మాలు. మేమంతా రోడ్డు అంచునే ఉన్నాం. అంత దూరంలో అలికిడికి ఆ లైట్లు వెలగవు.

ముందు మా గుమ్మం లైటు వెలిగింది.

మావారు మా ఇంటి తాళంచెవి కోసం జేబు తడుముకున్నారు. నా స్నేహితురాలి వేళ్ళు నా చేతికి ఇంకా బిగిశాయి. ఒక పెద్దావిడ గడ్డి దాటడానికి ఎంతసేపు పడుతుందో, అంతసేపు ఎవరం కదల్లేదు.

అప్పుడు వాళ్ళది వెలిగింది.