వరండాలో నెలన్నర

నల్లగొండలో చదువుకునేటప్పుడు మా సీనియర్ అక్క ఒకామె ఉండేది. కోపమొస్తే అరిచేది కాదు, చున్నీ నడుముకు బిగించేది. ఊరి చివర గుడిసెల్లో ఉంటున్న బర్మా శరణార్థులకు మేం విద్యార్థులం బియ్యం, దుప్పట్లు పంచేవాళ్లం. అక్కడి ఎనిమిదేళ్ల పిల్లను బడిలో చేర్పించడానికి ఒకరోజు అక్క వెంట నేనూ వెళ్లాను.

"కాయిదాలు లేకుంటే చేర్చుకోను. ఇది మన పిల్లల బడి" అన్నాడు హెడ్మాస్టర్, పిల్ల వైపు చూడకుండానే.

అక్క చున్నీ బిగించింది. "మా అమ్మానాయిన పాలమూరు నుంచి బొంబాయికి మట్టిపనికి పోయిండ్రు సార్. అక్కడి బడోళ్లు నన్ను గూడ గిట్లనే ఎల్లగొట్టిండ్రు. రెండేండ్లు ఇటుకలు మోసిన. గీ పిల్లకు గా గతి రానియ్య."

ఆ రోజే బడి వరండాలో కూర్చుని పిల్లకు అక్షరాలు దిద్దించడం మొదలుపెట్టింది. పొమ్మన్నా కదల్లేదు. నెలన్నర మేమంతా వంతులవారీగా వెళ్లి చదువు చెప్పాం, కలెక్టరాఫీసు ముందు ధర్నా చేశాం. చివరికి చేర్చుకోమని ఉత్తర్వు వచ్చింది.

హెడ్మాస్టర్ నవ్వుతూ రిజిస్టరు తెరిచి, అందరం ఫొటో దిగుదామన్నాడు.

"నెలన్నర మీ కండ్ల ముంగటనే కూసున్నది సార్. పిల్ల పేరేందో చెప్పుండ్రి" అంది అక్క.

ఆయన రిజిస్టరులోకి చూశాడు. పిల్ల పేరు రాయాల్సిన చోట ఇంకా ఏమీ రాయలేదు.