రెఫరీల మీద నా ఏడు పేజీల యుద్ధం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవై మూడేళ్ల వయసు, హెబ్బగోడిలో ముగ్గురం పంచుకునే అద్దె గది, దగ్గర్లోనే ఒక యంత్రభాగాల కంపెనీలో టైపిస్టు ఉద్యోగం, అదీ ఇంకా పర్మనెంటు కానిది. ఇన్ని అర్హతలున్న మనిషి ఎదుటివాళ్ల తప్పులు చూస్తూ ఊరుకోవడం కష్టం. తొంభైల చివరి సంవత్సరాలవి. నా ఈడు కుర్రాళ్లంతా కంప్యూటర్ కోర్సుల్లో చేరి బాగుపడుతుంటే, నేను మాత్రం బెంగళూరు ఫుట్‌బాల్ రెఫరీలను బాగుచేసే పని నెత్తిన వేసుకున్నాను. (మాది ఒంగోలు. మా వీధిలో క్రికెట్ తప్ప మరొకటి ఆడినవాళ్లు లేరు. నేను అదీ ఆడలేదు. అయినా విమర్శకు అనుభవం అడ్డు రాకూడదని నా నమ్మకం.)

మా కంపెనీకి ఒక ఫుట్‌బాల్ జట్టు ఉండేది. నగర లీగులో కింది డివిజన్‌లో, ఆ డివిజన్‌లోనూ దాదాపు అడుగున. జట్టు బాధ్యత మా పర్సనెల్ మేనేజరు గారిది, స్కోరు రాసుకునే బాధ్యత నాది. ఒక ఆదివారం మ్యాచ్ ఇంకో నిమిషంలో డ్రాగా ముగుస్తుందనగా బంతి మావాడి భుజానికి తగిలింది. చేతికి తగిలిందన్నాడు రెఫరీ, పెనాల్టీ ఇచ్చాడు, మేము ఓడిపోయాం. ఆ రెఫరీది చిక్కపేట. వారమంతా అక్కడొక హోల్‌సేల్ చీరల దుకాణంలో పనిచేసి, ఆదివారాలు లీగు తరఫున నల్లచొక్కా తొడుక్కునేవాడు. ఇరవై ఏళ్లుగా ఈల ఊదుతున్న పెద్దమనిషి. అందరూ ‘చిక్కపేట సార్’ అనేవారు. మా మేనేజరు గారు తిరుగు ప్రయాణంలో బస్సెక్కి కూర్చుని, ఇలాంటివాళ్లను అడిగే నాథుడే లేడా అని నిట్టూర్చారు. నాథుడు వెనక సీట్లోనే ఉన్నాడు.

మర్నాడు ఆఫీసు టైపురైటర్ మీద, ఆఫీసు కాగితం మీద, ఆఫీసు వేళల్లో ఏడు పేజీల ఫిర్యాదు తయారుచేశాను. అందులో నియమావళి నుంచి ఉల్లేఖనలున్నాయి, మైదానం పటం ఉంది, బంతి ప్రయాణించిన దారిని చూపించే ఎర్రసిరా బాణాలున్నాయి. ‘డబ్బు తీసుకుని తీర్పు చెప్పేవారు ఆ తీర్పుకు జవాబు కూడా చెప్పాలి’ అన్న వాక్యం కింద రెండు గీతలు గీశాను. అది పట్టుకుని లీగు ఆఫీసుకు వెళ్తే, కార్యదర్శి గారు పేజీలు తిప్పుతూ తన పక్క కుర్చీ వైపు చూశారు. అందులో ఉన్నది చిక్కపేట సారే. ఆయన కాగితాలు అందుకుని, కళ్లజోడు పెట్టుకుని, నా ఎదుటే మొత్తం చదివారు. తర్వాత, “బాగా టైపు చేసినావప్పా. ఒక్క తప్పు గూడా ల్యా” అన్నారు. పొగిడారో తిట్టారో ఈనాటికీ నాకు తేలలేదు.

కార్యదర్శి గారికి నా కాగితాల్లో ఏం కనిపించిందో గానీ (ఓడిన జట్లన్నిటి గోలా వినడానికి ఒక మనిషి దొరికాడన్న ఆశ కనిపించి ఉంటుంది), రెఫరీల పనితీరు పరిశీలించే కమిటీ ఒకటి వేసి నన్ను కన్వీనర్‌ను చేశారు. నేను వెంటనే ఒక ఫారం రూపొందించాను. ప్రతి మ్యాచ్ తర్వాత రెండు జట్లూ రెఫరీకి చూపు, పరుగు, ధైర్యం, నిష్పాక్షికత అనే నాలుగు అంశాల్లో పదేసి మార్కులు వేయాలి. ఇంతటి శాస్త్రీయమైన పద్ధతి దేశంలోనే లేదని గదిలో మిగతా ఇద్దరికీ రోజూ చెప్పేవాణ్ణి. ఫలితాలు కూడా అంత శాస్త్రీయంగానే వచ్చాయి. గెలిచిన జట్టు అన్నిటికీ పది వేసేది, ఓడిన జట్టు అన్నిటికీ సున్నా. సగటు తీస్తే నగరంలోని రెఫరీలందరూ సరిగ్గా ఒకే స్థాయిలో తేలారు. నేను నిరుత్సాహపడలేదు. ఆ మార్కుల పట్టికను లీగు ఆఫీసు బయట నోటీసు బోర్డుకు అతికించాను. ఆ వారమే ఊళ్లోని రెఫరీలందరికీ కూడబలుక్కున్నట్టు ఒకేసారి కడుపునొప్పి వచ్చింది.

సీజన్‌లో మిగిలింది ఒకే ఒక్క మ్యాచ్. అది వాయిదా పడే వీల్లేదు. ఆస్టిన్ టౌన్ పిల్లలు కలిసి నడుపుకునే ఒక చిన్న క్లబ్బు, ఒక బ్యాంకు జట్టు తలపడాలి. క్లబ్బు ఓడితే మా డివిజన్ నుంచి ఇంకా కిందికి పడిపోతుంది, ఓడకపోతే దానికి బదులు మా కంపెనీ పడిపోతుంది. నియమాలన్నీ కంఠతా వచ్చినవాడు ఊళ్లో ఒక్కడే మిగిలాడని చెప్పి కార్యదర్శి గారు నా చేతికి ఈల ఇచ్చారు. మా కంపెనీకి లాభనష్టాలున్న మ్యాచ్‌కు నేను ఈల పట్టడం తప్పు కాదా అని నేను అడగాలి. అడగలేదు. నల్లచొక్కా నాకు సరిగ్గా సరిపోయింది మరి.

మైదానంలోకి దిగిన ఐదు నిమిషాలకే నాకొక విషయం బోధపడింది. ఏడు పేజీల్లో ఎక్కడా నేను ఆయాసం గురించి రాయలేదు. బంతి ఒక చివర ఉంటే నేను మరో చివర, నేను అక్కడికి చేరేసరికి బంతి ఇటు. గ్యాలరీలోంచి “కణ్ణు కాణల్వేన్రీ” (కళ్లు కనబడట్లేదా అని మర్యాదగా అడగడం) అన్న కేక ఒకటి మొదలై ఇక ఆగలేదు. ఎలాగో గోల్ లేకుండా చివరిదాకా ఈడ్చుకొచ్చాను. అప్పుడు బ్యాంకు జట్టువాడు పక్కనుంచి బంతిని బలంగా కొట్టాడు. నేను ముప్ఫై గజాల వెనక, కళ్లలోకి చెమట కారుతూ, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఉన్నాను. తలెత్తి చూసేసరికి బంతి నెట్‌లో ఉంది. గోల్ అని ఈల ఊదేశాను. జెండా ఇచ్చి నిలబెట్టిన అరువు లైన్స్‌మన్ వైపు చూడాలని నియమం. ఆ పేజీ నేనే టైపు చేశాను, అయినా చూడలేదు.

అందరూ నన్ను చుట్టుముట్టారు, ఒక్క క్లబ్బు గోల్‌కీపర్ తప్ప. అతనికి నా వయసే ఉంటుంది. అతను మాత్రం అరవకుండా గోల్ పక్కకు నడిచి, నెట్ చిరిగి ఉన్న చోట తన చేతిని మోచేతిదాకా లోపలికి దూర్చి, నావైపు చూస్తూ అలాగే నిలబడ్డాడు. బంతి స్తంభం బయటినుంచి ఆ చిరుగులోంచి లోపలికి వెళ్లిందన్నమాట. మ్యాచ్‌కు ముందు నెట్ పరీక్షించడం రెఫరీ పని. అదీ చేయలేదు. ఒకసారి ఊదిన ఈలను వెనక్కి తీసుకుంటే పరువు పోతుందనిపించి, చేతులు వెనక్కి కట్టుకుని సెంటర్ వైపు నడిచాను.

సోమవారం మా మేనేజరు గారు కాఫీ తెప్పించారు, అంతకుముందెప్పుడూ ఎరగని మర్యాద. క్లబ్బువాళ్లు నా ఫారం నిండా సున్నాలు వేసి, దానికి ఫిర్యాదు కూడా జతచేశారని ఆయనకు అప్పటికే తెలుసు. “ఎంక్వైరీలో రెఫరీ డిసిజన్ ఈజ్ ఫైనల్ అని ఒక్క ముక్క చెప్పి వచ్చెయ్. నీ కన్ఫర్మేషన్ ఫైలు నా టేబుల్ మీదే ఉంది, ఈ వీక్ సైన్ చేసేస్తా” అన్నారు. ఆ రెండు వాక్యాలకూ సంబంధం లేనట్టే చిరునవ్వు నవ్వారు.

విచారణ గురువారం మధ్యాహ్నం. విచారించే కమిటీకి కన్వీనర్ని నేనే, నిందితుణ్ణీ నేనే. కాబట్టి కార్యదర్శి గారు నన్ను బల్లకు ఇటునుంచి అటు మారి కూర్చోమన్నారు. రెఫరీల తరఫున చిక్కపేట సార్ వచ్చారు (కడుపునొప్పి తగ్గినట్టుంది). గోల్‌కీపర్ గోడవారన నిలబడ్డాడు. రెఫరీ నిర్ణయమే తుది నిర్ణయం అన్న వాక్యాన్ని నేను దారి పొడవునా బస్సులో వల్లెవేసుకుంటూ వచ్చాను. అయితే అదే వాక్యాన్ని నా ఫిర్యాదు మూడో పేజీలో నియంతృత్వమని తిట్టి ఉన్నానని సరిగ్గా అప్పుడే గుర్తొచ్చింది. చిక్కపేట సార్ నియమాలేమీ అడగలేదు, పటం గీయమనలేదు.

“బంతి లోపలికి పొయ్యేది నువ్వు చూసినావా, చూల్యాదా? అంతే చెప్పప్పా” అన్నారు.

గోల్‌కీపర్ నావైపు చూడటం లేదు, కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. అతను నన్ను చూస్తూ ఉంటే బహుశా నేను అబద్ధమాడగలిగేవాణ్ణేమో.

“చూడలేదు సార్” అన్నాను.

కార్యదర్శి గారు రాసుకున్నారు. చిక్కపేట సార్ కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుంటూ, “మీవాని హ్యాండ్‌బాల్ నేనూ చూల్యాదప్పా. వాండ్లు అరిచిరి, నేను ఊదితిని. ఊదినంక మళ్లా ఎట్ల కాదనేది అని ఊరికుంటిని” అన్నారు. అది కూడా రాయాలా అని కార్యదర్శి గారు అడిగితే, రాయండి, ఇరవై ఏళ్లకు ఒకటైనా రాయాలి గదా అన్నారాయన.

మ్యాచ్ మళ్లీ ఆడించారు. చిక్కపేట సారే ఈల పట్టారు. మొదట నెట్ చుట్టూ తిరిగి ప్రతి ముడీ లాగి చూశారు. డ్రా అయింది. క్లబ్బు నిలబడింది, మా కంపెనీ జట్టు ఇంకో డివిజన్ కిందికి దిగిపోయింది. నా ప్రొబేషన్ ఆరు నెలలు పొడిగించారు, ‘సమయస్ఫూర్తి లోపం’ అనే కారణంతో. ఆ ఉత్తర్వు కూడా నేనే టైపు చేశాను. ఒక్క తప్పు లేకుండా. నా ఫారాలు ఆ తర్వాత ఎవరూ అడగలేదు, నేనూ గుర్తుచేయలేదు. తర్వాతి రెండేళ్లు ఆదివారాలు చిక్కపేట సార్ వెంట జెండా పట్టుకుని లైన్ మీద పరుగెత్తాను. తెలియనిది తెలియదని చెప్పడం నేర్చుకోవడానికి అంత పరుగు అవసరమైంది.

కొన్నేళ్లకు ఉద్యోగం మారి, బ్రూక్‌ఫీల్డ్‌లో స్థిరపడి, పెళ్లి చేసుకుని, ఒక సాయంత్రం ఆఫీసువాళ్లతో కలిసి మళ్లీ ఫుట్‌బాల్ చూడటానికి వెళ్లాను. రెఫరీల కష్టం గురించి దారంతా వాళ్లకు ఉపన్యాసం ఇచ్చాను. వాళ్లు శ్రద్ధగా విన్నారు, ఒకమ్మాయైతే నిజంగానే కదిలిపోయింది. మ్యాచ్ మొదలైన పావుగంటకు రెఫరీ ఒక ఆఫ్‌సైడ్ ఇచ్చాడు. అందరికంటే ముందు లేచి నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, వాడి కళ్ల గురించి అరిచింది నేనే.