మూడో తరగతిని రోడ్డు దాటించిన మేస్టారు

మా మేస్టారు పోయారన్న కబురు ఆటో స్టాండులో మొదట నాకే అందింది. గుండెపోటట, తెల్లవారుజామున. తోటి డ్రైవర్లకు చెబితే ఒక్కడూ నమ్మలేదు. "పొద్దున్నే నీ ఎకసెక్కాలు మొదలెట్టేసినావేటి?" అన్నాడొకడు. ఊరందరినీ ఆటపట్టించి బతికినవాడి మాటకు అంతకన్నా విలువేముంటుంది. నేను వెళ్ళి ఆటోలో తల వంచుకుని కూర్చున్నాక గానీ వాళ్ళ మొహాలు మారలేదు.

నర్సీపట్నం నుంచి కోటవురట్ల వెళ్ళే దారిలో ఒక ఊరి ప్రాథమిక పాఠశాలకు ఆయనొక్కరే టీచరు. రోజూ నా ఆటోలోనే, నా పక్క సీట్లోనే వెళ్ళేవారు. నేను ఎనిమిదో తరగతిలో చదువుకు దండం పెట్టేసినవాణ్ణి. దేశంలో చదువులు ఎలా మారుతున్నాయో నాకు తెలిసిందంతా ఆ పక్క సీటు నుంచి విన్నదే. కొత్త విధానం వచ్చినప్పుడల్లా ఆయనకు ట్రైనింగు. ఒకసారి బొమ్మలతో చెప్పాలి, ఒకసారి పాటలతో చెప్పాలి, ఇంకోసారి అంతా ఇంగ్లీషులో చెప్పాలి. తిరిగొచ్చేటప్పుడు కళ్ళు మూసుకుని కూర్చునేవారు.

"ఈసారి ఏటి మారిందండీ మేస్టారూ?"

"పుస్తకం అట్ట రంగు మారిందిరా."

హాజరు కూడా సెల్‌ఫోనుకు మొహం చూపించే వేయాలి. సిగ్నలు కోసం బడి మెట్ల మీద ఫోను అటూ ఇటూ తిప్పుతుంటే, "దిష్టి తీస్తన్నారేటండీ?" అనేవాణ్ణి. "దీనికి నా మొహం నచ్చట్లేదురా" అనేవారు, ఓపిగ్గా.

కిందటేడు మూడు, నాలుగు, అయిదు తరగతులను హైస్కూల్లో కలిపేశారు. కాగితం మీద హైస్కూలు దగ్గరే. మధ్యలో మెయిన్ రోడ్డుంది, సీజన్లో చెరకు లారీలు తెరిపివ్వవు. అది కాగితం మీద లేదు. మూడో తరగతికొచ్చిన ఒక పిల్ల అమ్మమ్మ బడికొచ్చి చెప్పేసింది. "ఆ లారీల కిందకి మా గుంటని పంపను బాబూ. మేకల్ని తోలుకుంటాది."

"పొద్దున, సాయంత్రం నేను దాటిస్తానమ్మా."

"మీరు రిటైరైపోతేనో?"

"ఆలోగా ఈ విధానమూ మారిపోతుందిలే" అన్నారు మేస్టారు. నాకు నవ్వొచ్చింది. ఆయన మాత్రం నవ్వలేదు.

అప్పట్నుంచి పొద్దున్నే బడి వంటావిడకు చిన్నపిల్లల్ని అప్పగించి, పెద్దపిల్లల్ని రోడ్డు దాటించి వచ్చి, ఒకటీ రెండూ తరగతులకు పాఠం మొదలెట్టేవారు.

ఒకనాడు హైస్కూలు దూరం చూడ్డానికి ఒక అధికారి వచ్చారు. సందులో జీపు పట్టదని చెప్పి నా ఆటో ఎక్కించాను. మేస్టారు నా పక్కనే. రోడ్డు ఇవతల ఇంజను ఆపేసి, "ట్రబులిచ్చిందండీ, నడిచేయండి" అన్నాను. పాపం, ఆ అధికారి అడుగు ముందుకేస్తారు, హారను వినగానే వెనక్కి గెంతుతారు. చివరికి మేస్టారే చెయ్యి పట్టుకుని, పిల్లల్ని దాటించినట్టే దాటించారు. అవతలికి చేరాక అధికారి చెమట తుడుచుకుని, దూరం నిబంధనకు లోబడే ఉందన్నారు. తిరిగి దాటలేక జీపును చుట్టుదారిన అవతలికే రప్పించుకున్నారు.

"నిజంగానే ఇంజను ఆగిందేంట్రా?" అన్నారు మేస్టారు తరవాత.

"మీరేటనుకుంటన్నారు?"

జేబురుమాలు నోటికడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వారు. ఆపైన నీరసంగా అన్నారు: "ఆయన పైన ఇంకొకాయన ఉంటాడ్రా. అందర్నీ దాటించాలంటే మనకు పొద్దు గూకిపోద్ది."

ఆయన స్థానంలో ఇంకా ఎవర్నీ వేయలేదు. సోమవారం బడివేళకు నేనే అక్కడికి వెళ్ళాను. పిల్లలు రోడ్డు అంచున నిలబడి ఉన్నారు. ఆ పిల్ల పక్కనే అమ్మమ్మ, వెనకాల మేకలు.

"ఈయేళ నువ్వు దాటిత్తావు. రేపో?" అందావిడ.

"రేపూ ఒత్తాను."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి పిల్ల చెయ్యి వదిలింది. లారీని ఆపి మేం అవతలికి చేరి వెనక్కి చూస్తే, ఆవిడ అక్కడే ఉంది, ఖాళీ అయిన చేతికి మేక తాడు చుట్టుకుంటూ, విప్పుకుంటూ.