రెండు నీలిగళ్ల అంగీలు

హన్మండ్లు పన్నెండేళ్లు మస్కట్‌లో పనిచేసి, రెండేళ్ల కిందట సొంతూరు ఎల్లారెడ్డికి తిరిగొచ్చి ఆటో కొనుక్కున్నాడు. మనిషి నెమ్మదస్తుడు. ఆయన తలలో పురుగు దూర్చింది పక్కింటి ఆశన్న. అదీ కావాలని కాదు, నోరు ఊరుకోక.

"నిన్న బిచ్కుంద అంగట్ల కనబడితివి. పిలిస్తె పలుకకపోతివి," అన్నాడు ఆశన్న.

నిన్నంతా హన్మండ్లు కామారెడ్డి బస్టాండు దగ్గరే ఉన్నాడు.

భార్య మంగవ్వకు సంగతి వెంటనే అర్థమైంది. మస్కట్ నుంచి మొగుడు ఒకే రకం నీలిగళ్ల అంగీలు రెండు తెస్తే, ఒకటి తన తమ్ముడు మైసన్నకిచ్చింది. అంగడికి పోయింది వాడే. ఆ మాటే చెప్పి, తమ్ముణ్ణి అంగీతో సహా తెచ్చి ఎదురుగా నిలబెట్టింది. హన్మండ్లు తల అడ్డంగా ఊపాడు.

"మైసన్న కాదే. నేను మస్కట్ల ఉన్నన్ని దినాలు నా లెక్కనే ఒకడు ఈడ తిరిగిండు. అందరు వాన్నే నేననుకున్నరు."

ఇక ఆటో వాకిట్లో, ఆయన బస్సుల్లో. ఇవాళ జుక్కల్, రేపు మహమ్మద్‌నగర్. హోటళ్లలో తన ఫొటోనే చూపించి, "గీ మనిషి ఈడికొచ్చిండా?" అని అడిగేవాడు. జనం ఫొటో చూసి, ఆయన మొహం చూసి నవ్వేవాళ్లు. ఆ నవ్వుల గురించి వింటే మంగవ్వకు ఒళ్లు మండేది. కామారెడ్డిలో డాక్టరు మాత్రలు రాస్తే, "వానికి రాయుండ్రి సారూ, మతి తప్పింది వానికే," అన్నాడు. అంత ఏడుపులోనూ ఆమెకు నవ్వొచ్చింది. మాత్ర వేయాలన్నా, ముద్ద పెట్టాలన్నా ముందు మనిషి ఇంటికి రావాలి కదా. ఆమెకు కావాల్సింది అదొక్కటే.

మొన్న, ఇల్లు విడిచిన నాలుగు రోజుల తర్వాత, మిట్టమధ్యాహ్నం వచ్చాడు. చెప్పులు విడిచి, గడప బయటే నిలబడ్డాడు.

"చెల్లే, హన్మండ్లన్న ఉన్నడా ఇంట్ల?"

మంగవ్వ చేతిలో పని వదిలి గడప దాకా వచ్చింది. కట్టుకున్నవాడు చెల్లే అంటున్నాడు. ఆశన్న గోడ మీంచి చూస్తున్నాడని తెలిసినా ఏడుపు ఆగలేదు. కొంగుతో మొహం తుడుచుకుంది. తిరిగి అన్నా అని పిలవడానికి మాత్రం నోరు రాలేదు.

"బయటికి పోయిండు, వస్తడు. లోపలికొచ్చి కూసో. ఇంత తిను."

పరాయి ఇంట్లోలా తలుపు పక్కనే ఒదిగి కూర్చుని తిన్నాడు.

"అన్నకు చెప్పు చెల్లే. నిన్ను ఒక్కదాన్ని ఇడిచిపెట్టి ఎన్నేండ్లు తిరుగుతడు? ఇంటి పట్టున ఉండుమను."

పన్నెండేళ్లలో ఆ మాట ఎవరూ అనలేదు, ఆయనతో సహా.

మంగవ్వ ఇంకో గరిటె పప్పు వేసింది.

"గా మాట నువ్వే చెప్పు. ఆయన వచ్చేదాక ఈడనే ఉండు," అంది.